మురికి వైపు పదో మనిషి

దుప్పటి మడతలో కట్టుడు పళ్ళు దొరికితే సుభద్ర అరవదు. గ్లవ్స్ చేత్తో తీసి డబ్బాలో వేస్తుంది. సంచి మీద చీటీ చూసి ఏ వృద్ధాశ్రమం నుంచి వచ్చిందో రాసుకుంటుంది. తొమ్మిదింటికి విరామంలో ఫోన్ చేస్తుంది. "మీ రెండో అంతస్తులో ఎవరో పొద్దున్నుంచి ఏమీ తినలేక కూర్చుని ఉంటారు, చూడండి." పదకొండేళ్ళలో ఆమె వెనక్కి పంపినవాటిలో పళ్ళ సెట్లు, వినికిడి యంత్రాలు, టీవీ రిమోట్లు, పెళ్ళి ఉంగరాలు ఉన్నాయి. ఒకసారి బతికున్న తాబేలు కూడా వచ్చింది. అది మాదేనని ఇప్పటిదాకా ఎవరూ ఒప్పుకోలేదు.

ఆమె పనిచేసే లాండ్రీ జర్మనీలో జీగెన్ ఊరి చివర, రైలు పట్టాల పక్కన ఉంది. చుట్టుపక్కల ఆస్పత్రులు, వృద్ధాశ్రమాల బట్టలు అక్కడికే వస్తాయి. భవనాన్ని రెండు ముక్కలు చేస్తూ మధ్యలో ఒక గోడ. ఇటు మురికి వైపు, అటు శుభ్రం వైపు. ఉతికే యంత్రాలు ఆ గోడలోనే అమర్చి ఉంటాయి. ఇటు తలుపులోంచి వేసిన బట్ట అటు తలుపులోంచి వస్తుంది. మనుషులకు మాత్రం ఆ సౌకర్యం లేదు. బట్టలు మార్చుకుని, మోచేతుల దాకా కడుక్కుంటే తప్ప అవతలికి వెళ్ళనివ్వరు.

మురికి వైపు ఉదయం ఆరు నుంచి పది దాకా బట్టలు వేరుచేసే షిఫ్టు. సంచులు పైనుంచి బెల్టు మీద పడతాయి. దుప్పట్లు ఒకవైపు, తువ్వాళ్ళు ఒకవైపు, నర్సుల దుస్తులు ఇంకోవైపు తోసెయ్యాలి. వాటిలో చిక్కుకుని వచ్చే చెంచాలు, కత్తెరలు, ఒక్కోసారి సూదులు ఏరెయ్యాలి. ఒంటికి నీలం గౌను, తలకు టోపీ, ముఖానికి మాస్కు, చేతులకు మందపాటి గ్లవ్స్. బయటికి కనిపించేవి కళ్ళే. వాసన సంగతి ప్రత్యేకంగా చెప్పాల్సిన పనిలేదు. ఉంటుంది.

ఈ షిఫ్టుకు సుభద్ర ఇన్‌చార్జి. వయసు నలభై ఏడు. హన్మకొండలో కెమిస్ట్రీ ఎమ్మెస్సీ చేసి, ఆరేళ్ళు జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పింది. భర్త సుధీంద్ర ఉక్కు పలకలు తయారుచేసే యంత్రాలకు సాఫ్ట్‌వేర్ రాస్తాడు. అతని వెంట వచ్చాక ఇక్కడా పాఠాలు చెప్పుకోవచ్చనుకుంది. విద్యాశాఖ ఆఫీసులో టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, దొరకడానికి నాలుగు నెలలు పట్టింది. దొరికిన టెర్మిన్ పన్నెండు నిమిషాల్లో ముగిసింది. ఇక్కడ టీచరంటే రెండు సబ్జెక్టులు చెప్పాలి, మీకున్నది ఒక్కటే, రెండోది చదువుకుని రండి అన్నారు. అప్పటికి కూతురు ఈషాకు నాలుగేళ్ళు. ఆరు నెలలు ఏదో ఒకటి చేద్దాం, తర్వాత చూద్దాం అనుకుని లాండ్రీలో చేరింది. ఆ ఆరు నెలలు ఇంకా అయిపోలేదు.

ఏప్రిల్ మొదటివారంలో ప్లాంటు మేనేజర్ కోలర్ ఆమెను గదిలోకి పిలిచాడు. మాటలు తక్కువ మనిషి. హెడ్డాఫీసు నుంచి వచ్చిన కాగితం ఆమెవైపు తిప్పాడు.

మురికి వైపు ఉదయం షిఫ్టుకు పదిమంది కావాలి. ఉన్నది నలుగురు. జూన్ ముప్పై నాటికి పదిమంది కాంట్రాక్టులో ఉంటే షిఫ్టు ఉంటుంది. లేకపోతే ఆ పనిని వంద కిలోమీటర్ల అవతలి మరో ప్లాంటుకు మార్చేస్తారు. షిఫ్టుతోపాటు ఆ నలుగురూ, సుభద్రా పోతారు.

"తొమ్మిదిమంది ఉంటే?" అని అడిగింది సుభద్ర.

"పది అని రాసి ఉంది" అన్నాడు కోలర్.

ప్రకటన రాసే పని కూడా ఆమె మీదే పడింది. రాత్రి భోజనాల బల్ల దగ్గర ఈషా ఆ కాగితం చదివి జర్మన్‌లో విసుక్కుంది. "మంచి టీమ్, స్నేహపూర్వక వాతావరణం... అమ్మా, అందరూ ఇదే రాస్తారు. వాసన వస్తుందని రాయి. వచ్చి పారిపోవడం కంటే రాకపోవడం నయం కదా."

సుభద్ర అలాగే రాసింది. వాసన ఉంటుంది, అలవాటవుతుంది అని.

ఇరవై ఆరు ఫోన్లు వచ్చాయి. పదకొండుమంది మనుషులు వచ్చారు. వాళ్ళలో నలుగురిని ప్రభుత్వ ఉపాధి కార్యాలయం పంపింది. వాళ్ళకు కావలసింది ఉద్యోగం కాదు, వచ్చి కలిసినట్టు ఒక సంతకం. ఇద్దరు గోడ అవతల ఖాళీ ఉంటే కబురు చెయ్యమన్నారు. ఒకాయన బెల్టు దాకా వచ్చి, గాలి పీల్చి, తనకు చాలాకాలంగా వెన్నునొప్పి ఉన్న సంగతి అప్పటికప్పుడు గుర్తుచేసుకున్నాడు. ముగ్గురు ఒకరోజు పనిచేసి రెండోరోజు రాలేదు. చివరికి ఒక ఉక్రెయిన్ ఆవిడ మిగిలింది. అక్కడ ఆవిడ బ్యాంకులో ఆఫీసరట. ఇక్కడ దుప్పట్లను కూడా నోట్ల కట్టల్లా అంచులు కలిపి పెట్టేది.

ఒక్కరోజువాళ్ళలో ఒకడు డెనిస్. హెల్గా చెల్లెలి కొడుకు. హెల్గా ఈ షిఫ్టులో ముప్పై ఒక్కేళ్ళుగా ఉంది, పింఛనుకు ఇంకా నాలుగేళ్ళుంది. విదేశీయులొచ్చి మా ఉద్యోగాలన్నీ లాక్కున్నారని డెనిస్ ప్రతి ఆదివారం కేకు తింటూ చెబుతాడట. హెల్గాకు ఒళ్ళు మండి, లాక్కోనిది ఒకటి మిగిలింది రా అని తీసుకొచ్చింది. తొమ్మిదింటి విరామంలో సిగరెట్ కాల్చుకొస్తానని బయటికి వెళ్ళాడు. మళ్ళీ కనిపించలేదు. అతని జాకెట్ కొక్కేనికి అలాగే వేలాడుతూ ఉండిపోయింది.

"ఎప్పుడో ఒకప్పుడు దానికోసమైనా వస్తాడు" అంది హెల్గా.

"వానాకాలం దాకా రాడు" అంది సుభద్ర.

ఇక మిగిలింది మనవాళ్ళు. జీగెన్ యూనివర్సిటీలో మన పిల్లలు వందల్లో ఉంటారు. సుభద్ర వాళ్ళ వాట్సాప్ గ్రూపులో ప్రకటన పెట్టింది. గంటలో నలభై ప్రశ్నలు. ఏ స్టాపులో దిగాలి, జర్మన్ రావాలా, ఎగ్జామ్స్ టైములో లీవు ఇస్తారా. ఒకతను మరీ మర్యాదగా అడిగాడు, "అక్కా, వర్క్ ఫ్రం హోమ్ ఆప్షన్ ఉంటదా?"

"ఉంటది నాయనా. దుప్పట్లు మీ ఇంటికి పంపిస్త" అని జవాబిచ్చింది సుభద్ర.

ఐదుగురు చేరారు. గీతిక, కౌశల్, ఇంకో ఇద్దరు, సృజన్. వాళ్ళలో సృజన్‌ది కరీంనగర్, మెకట్రానిక్స్ చదువుతున్నాడు. పని చకచకా చేసేవాడు, నోరు అంతకంటే చకచకా ఆడేది. ఒక్కటే లోపం. కట్టుడు పళ్ళు కనిపిస్తే రెండడుగులు వెనక్కి గెంతేవాడు. "అక్కా, నవ్వుతున్నయ్ అక్కా!" అని కేక. సుభద్ర వెళ్ళి తీసేది.

మే నెల మధ్యకల్లా పదిమంది అయ్యారు. ఇక ఆరు వారాలు కదలకుండా ఉంటే చాలు.

వాళ్ళను కదిలించే ప్రయత్నం మొదట తెలుగు సంఘం నుంచే జరిగింది. ఉగాది సంబరాలు ఆ ఏడాది మే నెలలో వచ్చాయి, హాలు అప్పుడే దొరికింది కనుక. పులిహోర పళ్ళాలు పట్టుకుని నిలబడ్డ చోట డాక్టర్ మధుసూదన్ సుభద్రను పట్టుకున్నాడు. ఆయన డెబ్బైల్లో వచ్చినవాడు. సొంత క్లినిక్ నడిపి రిటైరయ్యాడు. సంఘంలో ఆయన మాటకు ఎదురులేదు.

"అమ్మా సుభద్రా, ఒక మాట. పిల్లలు చదువుకోడానికి వచ్చారు. వాళ్ళను తీసుకెళ్ళి మురికి గుడ్డల దగ్గర నిలబెడితే ఎలా? మనవాళ్ళంటే ఇంజనీర్లు, డాక్టర్లు అని ఇక్కడ ఒక పేరుంది. దాన్ని పోగొట్టుకుంటామా?"

"డాక్టరుగారూ, మీ క్లినిక్ దుప్పట్లు ఎక్కడ ఉతికేవాళ్ళు?"

"ఎక్కడో... నర్సులు చూసుకునేవారు."

"మా దగ్గరే. మీరు రిటైరయ్యేదాక నేనే వేరుచేసిన. మీ తెల్లకోటు జేబుల పెన్ను మర్చిపోయేటోళ్ళు. మూడుసార్లు మొత్తం లోడు నీలం చేసిన్రు."

పక్కనున్నవాళ్ళు పళ్ళాల్లోకి చూశారు. సుధీంద్ర కారు తాళాలు వెతుక్కున్నాడు. దారిలో అతను అన్నాడు, "అంత అవసరమా? పెద్దాయన."

"మూడుసార్లు సుధీ. మూడు లోడ్లు."

జర్మన్లేమో మనం ఉద్యోగాలు లాక్కున్నామంటారు. మనవాళ్ళేమో తమ పరువు తీశామంటారు. రెండు ముచ్చట్లూ జరిగే గదుల్లో పరిచిన బల్లగుడ్డలు మాత్రం ఎవరో ఒకరు ఉతికినవే. సుభద్రకు ఈ రెండు రకాలవాళ్ళతోనూ వాదించే ఓపిక పోయింది. ఆమె ధ్యాసంతా పది అనే అంకె మీద ఉంది. గీతికకు జలుబు చేస్తే మిరియాల కషాయం ఫ్లాస్కులో తెచ్చింది. కౌశల్ పరీక్ష ఉందంటే అతని వంతు తను చేసింది. చివరి బస్టాపు నుంచి లాండ్రీ దాకా నడవలేక ఎవరైనా మానేస్తారేమోనని, ఐదున్నరకల్లా కారుతో అక్కడ నిలబడి ఎక్కించుకునేది. ఈషా అడిగింది, "నువ్వు సూపర్‌వైజరువా, చిన్నపిల్లల కీటా నడుపుతున్నావా?"

జూన్ రెండో వారంలో సృజన్ నోరు మూతపడింది.

గొంతు పట్టేసిందని చేత్తో సైగ చేశాడు. మాస్కు పైన కళ్ళు, మెడలో బ్యాడ్జి. సుభద్ర తల ఊపి పనిలో పడింది. రెండోరోజూ గొంతు రాలేదు. కారు ఎక్కడం మానేశాడు, సైకిలు కొన్నానని మెసేజ్ పెట్టాడు. పని మాత్రం ముందుకంటే బాగుంది. మూడోరోజు అతని ముందుకు కట్టుడు పళ్ళు వచ్చాయి. ఎవరూ గెంతలేదు. తీసి, నీళ్ళతో కడిగి, డబ్బాలో పెట్టి, చీటీ నంబరు కూడా రాశాడు.

సుభద్ర ఆ డబ్బా వంక చూసింది. అతని వంక చూసింది. సృజన్ ఇంకొంచెం పొట్టి కదా అనిపించింది. అప్పుడే పైనుంచి సంచి పడింది. ఆమె అడగలేదు. అడిగితే ఏదో ఒక జవాబు వస్తుంది. ఆ జవాబుతో పదికాస్తా తొమ్మిదయ్యేలా ఉంటే ఏం చేయాలో ఆమెకు తెలియదు. జూన్ ముప్పై ఇంకా రెండు వారాల పైన ఉంది.

జూన్ ఇరవై ఆరు, గురువారం. ఎనిమిదిన్నరకు ఆస్పత్రి సంచుల వంతు. సృజన్ చోటు నుంచి కేక వినపడింది.

"అయ్యబాబోయ్!"

కరీంనగర్ పిల్లవాడు ప్రాణం పోతున్నా అలా అరవడు. సుభద్ర బెల్టు ఆపే ఎర్ర బటన్ మీద చరిచింది. ఆపరేషన్ గుడ్డలోంచి వచ్చిన సూది గ్లవ్ దాటి చూపుడువేలిలో దిగింది. ఆమె గ్లవ్ లాగేసి, వేలిని కుళాయి కింద పెట్టి, రక్తం కారేలా అలాగే పట్టుకుంది. ఇంకో చేత్తో అతని మాస్కు కిందికి లాగింది.

కళ్ళజోడు మచ్చ ఉన్న ముక్కు, పల్చటి మీసం. ఎన్నడూ చూడని ముఖం.

"ఎవరు నువ్వు?"

"అఖిల్ అండి. సృజన్ రూమ్మేటునండి. మాది అమలాపురం."

"ఎన్ని రోజులసంది?"

"పన్నెండు రోజులండి. ఈరోజుతో కలిపి."

నీళ్ళ కింద వేలు అలాగే ఉంది. అఖిల్ తలొంచుకుని చెప్పుకొచ్చాడు. సృజన్‌కు ఇంగోల్‌స్టాట్‌లో కార్ల కంపెనీలో ఇంటర్న్‌షిప్ వచ్చింది. వెంటనే చేరాలన్నారు. మానేస్తున్నానని అక్కకు చెప్పడానికి మూడుసార్లు వచ్చి, మూడుసార్లూ మొహమాటంతో తిరిగెళ్ళాడు. ఒకసారి ఆమె అతనికి కషాయం పోసి ఇచ్చింది. అది తాగాక ఇక అసలే చెప్పలేకపోయాడు. అక్కకు పదిమంది కావాలి, మనవల్ల ఆమెకు మాట రాకూడదు అనుకుని తన బ్యాడ్జి అఖిల్ మెడలో వేసి వెళ్ళాడు. జీతం సృజన్ ఖాతాలో పడుతుంది, అతను పంపిస్తాడు.

"మా కిరాణా కొట్లో అంతేనండి. మా అన్నయ్యకి వీలుకాకపోతే నేను కూర్చుంటానండి. ఎవరూ ఏమీ అనరండి" అన్నాడు అఖిల్.

"ఇది మీ అన్న కొట్టా?"

"కాదండి."

సుభద్ర మరో చేత్తో ఫోన్ చేసింది. ఇంగోల్‌స్టాట్‌లో సృజన్ రెండో రింగుకే ఎత్తాడు.

"అక్కా! ఎట్లున్నరక్కా?"

"నేను మంచిగున్న. నువ్విక్కడ నా ముంగట నిలబడి రక్తం కారుస్తున్నవ్. నువ్వెట్లున్నవ్?"

"అక్కా, ఎట్ల చెప్పాల్నో సమజ్ కాలే..."

"మానేస్తున్న అని చెప్పాలె. మూడు సెకన్లు పడ్తది. తిడ్తుంటి. తిట్టినంక ఇంకొకన్ని వెతుక్కుంటుంటి. పన్నెండు రోజులుండె నాకు!"

"మీరు బాధపడ్తరని..."

"ఇప్పుడు సంతోషంగున్న. పెట్టెయ్."

ఈలోగా హెల్గా ప్రథమ చికిత్స పెట్టె, ప్రమాదం ఫారం పట్టుకుని వచ్చింది. ఆ బాధ్యత ఆమెది. ఫారం నింపితే తప్ప ప్రమాదాలు చూసే డాక్టరు దగ్గరికి పంపడానికి లేదు. అక్కడ రక్తం తీస్తారు. ఆరు వారాలకు మళ్ళీ, మూడు నెలలకు మళ్ళీ. సూది ఏ రోగికి గుచ్చిందో ఎవరికీ తెలియదు కనుక.

హెల్గా పెన్ను తెరిచింది. మొదటి గీత మీద పేరు రాయాలి. బ్యాడ్జి చూసి, ముఖం చూసి, మళ్ళీ బ్యాడ్జి చూసింది.

"ఇతను ఇతను కాదు" అంది.

"కాదు" అంది సుభద్ర.

"ఎప్పటినుంచి?"

"రెండు వారాలకు పైనే."

హెల్గా గొంతు తగ్గించింది. "సోమవారం లెక్క."

"తెలుసు."

అఖిల్‌కు జర్మన్ అంతంతమాత్రం. అయినా విషయం అర్థమైంది. "అక్కా, సృజన్ అనే రాయించండి. నాకేమీ కాదండి. చిన్న సూదండి. పదిమంది పదిమందీ ఉంటారు కదండి."

"రక్తం ఎవరిది?"

"నాదేనండి."

"రేపు దాంట్ల ఏదన్న తేలితే డాక్టరు ఎవరికి ఫోన్ చేస్తడు? ఇంగోల్‌స్టాట్‌ల వాడు మందులు మింగుతడు, నువ్విక్కడ మంచిగున్నననుకుని తిరుగుతవ్. గట్లనేనా?"

అప్పటికి తొమ్మిదిమంది బెల్టు చుట్టూ నిలబడి ఉన్నారు. ఒక పేరు రాస్తే షిఫ్టు ఉంటుంది, హెల్గా నాలుగేళ్ళు ఉంటాయి, తన పదకొండేళ్ళకు ఒక అర్థం ఉంటుంది. పక్కన ఈ అమలాపురం పిల్లవాడి వేలు తన చేతిలో ఉంది, చన్నీళ్ళకు తెల్లగా పాలిపోయింది. ఆమెకు దుఃఖం రాలేదు. వీళ్ళందరి మొహమాటం మీదా, పదిమందే అని పట్టుక్కూర్చున్న హెడ్డాఫీసు మీదా, మూడోరోజు ఆ డబ్బా చూసి కూడా నోరు మూసుకున్న తన మీదా పీకల దాకా విసుగొచ్చింది.

"నీ ఇంటిపేరేంది?" అంది.

ఆమె ఒక్కొక్క అక్షరం చెబుతుంటే హెల్గా ఫారం మీద రాసింది. రాసి, పెన్ను మూసి, "ఈ ముప్పై ఒక్కేళ్ళలో పేరుండి మనిషి లేనివాళ్ళను చాలామందిని చూశాను. మనిషుండి పేరు లేనివాణ్ణి ఇప్పుడే చూస్తున్నాను" అంది.

కోలర్ గదిలో అరుపులేమీ లేవు. అతను అరిచే రకం కాదు. బీమా లేకుండా, రిజిస్ట్రేషన్ లేకుండా ఒక మనిషి పన్నెండు రోజులు తన ప్లాంటులో పనిచేశాడని విని, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. మీకు తెలుసా అని అడిగాడు.

"తెలియదు" అంది సుభద్ర. ఆగి, "తెలుసుకోవాలనుకోలేదు" అంది.

అతను ఆ రెండు వాక్యాలనూ రాసుకున్నాడు. సాయంత్రానికల్లా సిబ్బంది విభాగంలోని ఆవిడ అఖిల్ పాస్‌పోర్ట్ కాపీ తీసుకుని, ఆ పన్నెండు రోజులనూ అతని పేరు మీదే నమోదు చేయించే పని మొదలుపెట్టింది. సంబంధిత ఆఫీసుకు కంపెనీయే ఉత్తరం రాసింది. అది తేలేదాకా అఖిల్ పనిలోకి రాకూడదు. మానేస్తున్నానని చెప్పలేకపోయిన సృజన్‌ను రిజిస్టర్డ్ పోస్టులో తీసేశారు. సుభద్రకు హెచ్చరిక పత్రం ఇచ్చారు. పదకొండేళ్ళలో అదే మొదటిది. ఈషా దాన్ని చదివి, "ఇందులో రెండు తప్పులున్నాయి" అంది. కంపెనీ చేసిన తప్పులేమోనని సుభద్ర ఆశగా చూసింది. కామాలట.

శుక్రవారం షిఫ్టులో తొమ్మిదిమందే. పదింటికి షిఫ్టు అయ్యాక హెల్గా కొక్కేనికి వేలాడుతున్న డెనిస్ జాకెట్ తీసుకుని, సంచిలో కుక్కి, చెల్లెలి ఇంటికి బయల్దేరింది. అక్కడ ఏం జరిగిందో ఆమె పూర్తిగా ఎప్పుడూ చెప్పలేదు. కేకు గురించి ఏదో హెచ్చరిక జరిగిందని మాత్రం తెలిసింది. మధ్యాహ్నం మూడింటికి డెనిస్ ముఖం గంటు పెట్టుకుని కోలర్ గదిలో కాంట్రాక్టు మీద సంతకం చేశాడు.

సోమవారం పొద్దున ఆరింటికి డెనిస్ బెల్టు దగ్గర నిలబడ్డాడు. సరిగ్గా అతని వెనక హెల్గా నిలబడింది. తొమ్మిదింటికి సిగరెట్ అన్నాడు. ఆవిడ కూడా వెళ్ళింది, ముప్పై ఏళ్ళ క్రితం మానేసిన సిగరెట్ మళ్ళీ ముట్టించి, అతన్ని లోపలికి తీసుకొచ్చింది. వాసన గురించి అతను పద్నాలుగుసార్లు ఫిర్యాదు చేశాడు. గీతిక లెక్కపెట్టింది. పదింటికి కోలర్ హెడ్డాఫీసుకు జాబితా పంపాడు. పది పేర్లు.

మంగళవారం హెడ్డాఫీసు నుంచి జవాబు వచ్చింది. షిఫ్టు కొనసాగుతుంది. మళ్ళీ లెక్క డిసెంబరు ముప్పై ఒకటిన.

అదే మంగళవారం పొద్దున ఐదు నలభైకే డెనిస్ నుంచి అనారోగ్య సెలవు. డాక్టరు సర్టిఫికెట్‌తో సహా. రెండు వారాలు. వెన్నునొప్పి. ఈసారి జాకెట్ మరిచిపోలేదు.

హెల్గా ఖాళీ కొక్కెం వంక చూసి, "నా రక్తమే" అంది. తర్వాత ఆమే, సుభద్రా కలిసి అతని వంతు దుప్పట్లు తోశారు.

పదిహేను రోజులు తొమ్మిదిమందితోనే నడిచింది. కాగితం మీద డెనిస్ పదోవాడు, ఇంట్లో సోఫా మీద పడుకుని. ఉద్యోగాలన్నీ విదేశీయులు లాక్కుంటున్నారని అతను ఆ ఆదివారం కూడా చెప్పాడట. కేకు మాత్రం దొరకలేదట. సెలవు అయిపోయిన రోజు రాజీనామా పంపాడు. అందులో కారణం చక్కగా రాశాడు. సృజన్‌కు చేతకాని పని అదొక్కటి అతనికి బాగా వచ్చు.

జూలై చివర అఖిల్ కాగితాలు తేలాయి. విద్యార్థిగా పనిచేసే హక్కు అతనికి ముందునుంచీ ఉంది. ఏప్రిల్‌లో సొంత పేరుతో వచ్చి అడిగి ఉంటే అదే రోజు తీసుకునేవాళ్ళు. కంపెనీకి జరిమానా పడింది. కోలర్ ఆ ఉత్తరాన్నీ, అఖిల్ దరఖాస్తునూ పక్కపక్కన పెట్టుకుని ఒక పూటంతా చూశాడు. చివరికి ఇంకెవరూ దరఖాస్తు పెట్టలేదు కనుక సంతకం చేశాడు.

ఆరువారాల రక్తపరీక్షలో ఏమీ లేదని తేలింది. డాక్టరు ఫోన్ అఖిల్‌కే వచ్చింది. ఆ సాయంత్రమే అతను సుభద్రకు ఫోన్ చేశాడు.

"అక్కా, అంతా నార్మలండి. సోమవారం నుంచి రమ్మన్నారండి. మళ్ళీ గ్లవ్స్ అవే ఇస్తారాండి?"

"మందంవి అడిగిన. వస్తున్నయ్."

"ఇంకోటండి. సృజన్ మీతో మాట్లాడతానంటున్నాడండి. ఆడికి భయంగా ఉందంటండి."

"డిసెంబరు దాక భయపడమను. విను. సోమవారం ఐదున్నరకు బస్టాపు దగ్గరుంట. నీకు రాబుద్ధి కాకపోతే రాను అని చెప్పు. పరీక్ష ఉంటే ఉందని చెప్పు. ఇంగోల్‌స్టాట్‌ల ఉద్యోగం దొరికితే దొరికిందని చెప్పు. తిడ్త. తిట్టించుకో. ఎవ్వన్నీ పంపకు."

"అలాగేనండి" అన్నాడు అఖిల్. అంతలోనే, "అక్కా, సోమవారం కొంచెం ఆలస్యమైతే మా కొత్త రూమ్మేటు..." అని మొదలుపెట్టాడు.

సుభద్ర ఫోన్ పెట్టేసింది.